సిల్వర్ షాడో చూడ్డానికి వెళ్లే ముందు

చి. అమ్మలూ,

నాన్న ఆశీస్సులు.

శనివారం 1974 నాటి సిల్వర్ షాడో చూడ్డానికి వెళ్తున్నానని రాశావు. ఫొటోలు చూశాను. రంగు బాగుంది, క్రోమ్ మెరుస్తోంది, సీట్ల తోలు చెక్కుచెదరలేదు. "రోల్స్ రాయిస్ కదా నాన్నా, అంత తేలిగ్గా పాడవదులే" అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. నూట ఇరవై ఏళ్లుగా లోకమంతా అంటున్న మాటే అది. ఆ పేరు ఏ పనివల్ల వచ్చిందో తెలిస్తే శనివారం నీ కన్ను ఎక్కడ పడాలో నీకే తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దది.

హెన్రీ రాయిస్ 1863లో పీటర్‌బరో దగ్గరి ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు మోశాడు. రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరితే డబ్బు చాలక అదీ మధ్యలోనే ఆగిపోయింది. 1884లో మాంచెస్టర్‌లో చిన్న ఎలక్ట్రికల్ వర్క్‌షాపు పెట్టుకుని, డైనమోలు, క్రేన్లు చేస్తూ పైకొచ్చాడు. తర్వాత డెకావిల్ అనే ఫ్రెంచి కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అది చెత్త బండి కాబట్టి విసుగొచ్చి సొంత కారు చేశాడని కథలు చెబుతారు, కానీ ఆ రోజుల లెక్కన డెకావిల్ మంచి బండే. మంచి బండిలో కూడా ఇంకా ఏం సరిచేయొచ్చో అతనికి కనబడింది. 1904లో రెండు సిలిండర్ల, 10 హార్స్‌పవర్ కార్లు మూడు చేశాడు.

చార్లెస్ రోల్స్‌ది వేరే లోకం. లార్డుగారి కొడుకు, కేంబ్రిడ్జ్ చదువు, లండన్‌లో విదేశీ కార్ల వ్యాపారం. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో ఇద్దరూ కలిశారు. రాయిస్ చేసిన కార్లన్నీ రోల్స్ అమ్మేట్టు ఆ డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1906లో కంపెనీ అయింది. 1910 జూలైలో బోర్న్‌మత్‌లో విమానం కూలి రోల్స్ చనిపోయాడు. అంటే కారు మీద అతని పేరు ముందున్నా, అతను కంపెనీలో ఉన్నది కొద్ది ఏళ్లే. వ్యాపారం నడిపి, పేరును జనంలోకి తీసుకెళ్లినవాడు క్లాడ్ జాన్సన్. రోల్స్‌కీ రాయిస్‌కీ మధ్య ఉండే చిన్న గీత ఆయనే అనేవాళ్లు.

ఇక అసలు సంగతి. వాళ్లకి పేరు తెచ్చిన సిల్వర్ ఘోస్ట్ కారుకి ముందు వాళ్లు 30 హార్స్‌పవర్‌తో ఆరు సిలిండర్ల కారు ఒకటి చేశారు. దానికి క్రాంక్‌షాఫ్ట్‌లు, అంటే పిస్టన్ల ఊపుని తిరుగుడుగా మార్చే కడ్డీలు, విరిగేవి. ఇనుము నాసిది కావడం కారణం కాదు. సిలిండర్‌లో పెట్రోల్ పేలినప్పుడల్లా పొడవాటి క్రాంక్ కాస్త మెలితిరిగి వెనక్కి వస్తుంది. ఒక వేగం దగ్గర ఆ దెబ్బలు సరిగ్గా క్రాంక్ ఊగే లయతో కలుస్తాయి. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో తోస్తే ఊపు ఎలా పెరుగుతుందో, మెలిక అలా పెరుగుతుంది. చివరికి లోహం తెగుతుంది. రాయిస్ క్రాంక్‌ని లావు చేశాడు. రెండేసి సిలిండర్ల మూడు దిమ్మెలు మానేసి, మూడేసి సిలిండర్ల రెండు దిమ్మెలుగా పోత పోశాడు. ఏడు మెయిన్ బేరింగులు పెట్టి వాటికి పంపుతో ఆయిల్ తోయించాడు. క్రాంక్ ముందు కొసన కాస్త జారే చిన్న ఫ్లైవీల్ (బరువు చక్రం) బిగించి కంపనాన్ని అది మింగేసేలా చేశాడు. సిలిండర్ల దిమ్మె (బ్లాకు), దాని పై మూత (హెడ్డు) ఒకే పోత కాబట్టి మధ్యలో గాస్కెట్ లేదు, కారే చోటే లేదు. 1906 చివర్లో బయటికొచ్చిన 40/50 హార్స్‌పవర్, 7,036 సీసీ ఇంజన్ అదే.

1907లో ఆ మోడల్ కారొకదానికి వెండి రంగు వేయించి, వెండి పూత బిగింపులు పెట్టించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టింది జాన్సనే. లండన్, గ్లాస్గోల మధ్య రాత్రనక పగలనక తిప్పారు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు వెంట ఉన్నారు. 629 మైళ్ల దగ్గర కుదుపులకి పెట్రోల్ కుళాయి దానంతటదే మూసుకుపోయి బండి ఆగింది. తిప్పడానికి నిమిషం పట్టింది. ఆ తర్వాత 14,371 మైళ్లు తనంతట తాను ఆగలేదు. ఆ పరుగు లెక్క చూపించేవాళ్లు కుళాయి సంగతి చెప్పరు. నాకు మాత్రం ఆ కుళాయే ముఖ్యం. అంత పెద్ద ఇంజన్ ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంటే బండిని ఆపింది వేలెడంత బిగింపు. శనివారం నువ్వు చూసే బండిలోనూ ఇంజన్‌కన్నా ముందు చూడాల్సినవి చిన్న చిన్న సీళ్లూ గొట్టాలే.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకో. 1912లో ఆల్పైన్ ట్రయల్ అనే కొండదారుల కార్ల పోటీలో ఆస్ట్రియాలోని కాట్ష్‌బర్గ్ కనుమ ఎక్కలేక ఒక సిల్వర్ ఘోస్ట్ నిలబడిపోయింది, మనుషుల్ని దింపితేగానీ కదల్లేదు. బలం చాలక కాదు. మూడు గేర్ల బాక్సులో మొదటి గేరు అంత నిటారు ఎక్కుడుకి తగినంత తక్కువగా లేదు. కంపెనీ సాకులు వెతకలేదు. మరుసటి ఏడు నాలుగు గేర్లతో బృందాన్నే పంపి, అవే కొండల మీద అందరినీ దాటింది. "ప్రపంచంలో అత్యుత్తమ కారు" అన్న మాటకి దన్ను ఇలాంటి పనుల్లో ఉంది. బయటపడ్డ లోపాన్ని దాని మూలం దాకా వెళ్లి సరిచేశారు. రాయిస్ సర్ అయ్యాక కూడా తనని మెకానిక్ అనే చెప్పుకునేవాడు.

రేడియేటర్ మీది బొమ్మ, స్పిరిట్ ఆఫ్ ఎక్స్టసీ, 1911లో చార్లెస్ సైక్స్ చెక్కింది. కారు గుర్తులోని రెండు ఆర్ అక్షరాలు ఎరుపు నుంచి నలుపుకి మారింది రాయిస్ చనిపోయిన దుఃఖంతో అని ఎవరైనా చెబితే నమ్మకు. ఆయన పోయింది 1933 ఏప్రిల్‌లో, ఆ మార్పు అంతకుముందే మొదలైంది.

ఇప్పుడు నీ బండి దగ్గరికి వస్తాను. మొదటి నలభై ఏళ్లూ కంపెనీ అమ్మింది ఛాసీ, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న కింది చట్రం, మాత్రమే. బాడీని బార్కర్, హూపర్, పార్క్ వార్డ్ లాంటి వాళ్లు విడిగా కట్టేవాళ్లు. అందుకే బాడీ పాడైనా కింద బలమైన చట్రం మిగిలేది, దాని మీద ఇంకో బాడీ కట్టుకునేవాళ్లు. 1965లో వచ్చిన సిల్వర్ షాడో ఆ పద్ధతిలో కట్టింది కాదు. దీనికి విడి ఛాసీ లేదు, బాడీయే చట్రం. కాబట్టి డోర్ల కింది పట్టీ (సిల్) తుప్పుపడితే అందం చెడటంతో ఆగదు, బండి వెన్నే దెబ్బతింటుంది. రోల్స్ రాయిస్ అంటే ఎప్పటికీ నిలుస్తుందన్న నమ్మకం ఎక్కువగా పాత ఛాసీ రోజులది.

గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లు. సిల్స్ పొడవునా, చక్రాల పై వంపుల అంచుల దగ్గర, వెనక చక్రాలకి ముందూ వెనకా ఆనించి చూడు. అంటుకోకపోతే అక్కడ ఉన్నది ఇనుము కాదు, తుప్పు మీద పులిమిన పుట్టీ. డోర్లకీ, బానెట్‌కీ, డిక్కీ మూతకీ మాత్రం అంటుకోదు, అవి మొదటినుంచీ అల్యూమినియమే. చూసి కంగారుపడకు.

తర్వాత బ్రేకులు. ఈ కారు ప్రాణమంతా హైడ్రాలిక్స్‌లో, అంటే ద్రవాన్ని పీడనంతో తోసి పనిచేయించే ఏర్పాటులో, ఉంది. దాని అధిక పీడన పద్ధతికి సిట్రోయెన్ దగ్గర లైసెన్సు తీసుకున్నారు. ఇంజన్ వి ఆకారం మధ్యలో రెండు చిన్న పంపులు క్యామ్‌షాఫ్ట్‌తో (వాల్వుల్ని తెరిచే కడ్డీతో) నడుస్తాయి. అవి తోసిన ద్రవం రెండు గుండ్రటి అక్యుమ్యులేటర్లలో, నైట్రోజన్ గ్యాసుకి ఎదురుగా, పీడనంతో నిలవ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నైట్రోజన్ జారిపోతుంది. మామూలుగా నడిపితే ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపులు లోటు పూడుస్తూనే ఉంటాయి. ఇంజన్ ఆగిన రోజున తెలుస్తుంది.

దాన్ని పట్టుకోవడం తేలిక. ముందు ఇంజన్ ఆపి ఉండగా తాళం తిప్పి, బ్రేక్ పెడల్ చాలాసార్లు నొక్కు. పీడనం అయిపోగానే డాష్‌బోర్డు మీది రెండు ఎర్ర బ్రేక్ దీపాలూ వెలగాలి. ఒకటి వెలక్కపోతే బల్బు పోయి ఉండొచ్చు, ఎవరో కావాలని తీసేసి ఉండొచ్చు కూడా. తర్వాత స్టార్ట్ చేసి, రెండూ ఆరిపోయాక ఇంకో మూడు నాలుగు నిమిషాలు తిరగనివ్వు. ఇంజన్ ఆపి, తాళం మళ్లీ ఆన్ చేసి, పెడల్‌ని నిండుగా నొక్కి వదులుతూ లెక్కపెట్టు. మొదటి దీపం ఎన్నో నొక్కుకి వెలిగింది, రెండోది ఎన్నో నొక్కుకి, విడివిడిగా రాసుకో. ఆరోగ్యంగా ఉన్న బండిలో పదులకొద్దీ నొక్కులు వస్తాయి. పది లోపే వెలిగితే ఆ అక్యుమ్యులేటర్ విప్పి బాగుచేయించాల్సిందే.

ద్రవం గురించి ఇంకా జాగ్రత్త. షాడోలన్నిటికీ పోయాల్సింది ఆర్‌ఆర్363 అనే బ్రేక్ ద్రవం. 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్ నుంచి ఆకుపచ్చటి మినరల్ ఆయిల్‌కి మారారు. ఒకదానిలో రెండోది పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఎవరో తెలియక ఒక్కసారి పోస్తే చాలు, పంపులు, వాల్వులు, కాలిపర్లు, హోసులు అన్నీ విప్పాల్సి వస్తుంది. ఆ ఖర్చు కారు ధరనే దాటిపోవచ్చు. ద్రవం ట్యాంకు మూత తీయించి చూడు, ఏ డబ్బాలోంచి పోస్తున్నారో అడుగు. ఈ ద్రవం గాలిలోని తేమని పీల్చుకుని లోపల తుప్పు పట్టిస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి, చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు.

ఇంజన్ చల్లగా ఉండగా చూపించమని ముందే చెప్పు. వేడెక్కించి ఉంచితే సగం సంగతులు దాగిపోతాయి. 6,750 సీసీ వీ8 మొండిది, బ్లాకు అల్యూమినియం, లోపల ఇనుప లైనర్లు (పిస్టన్లు కదిలే గొట్టాలు) నేరుగా ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లలో ఉంటాయి. లైనర్ కింది సీలు పోతే ఆ నీళ్లు ఆయిల్‌లో కలవకుండా బ్లాకు పక్కల సన్నటి రంధ్రాలు పెట్టారు. అక్కడ తడి గానీ ఎండిన తెల్లటి చార గానీ ఉంటే సీలు పోయినట్టే. ఆ రంధ్రాలు మురికితో పూడిపోతే నీళ్లు ఆయిల్‌లోకే వెళ్తాయి. ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు జిడ్డు కనబడితే అదీ అనుమానించాల్సిందే. ఆ నీళ్లలో కలిపే యాంటీఫ్రీజ్ మార్చకుండా వదిలేసిన బండ్లలో ఇది ఎక్కువ. గేర్‌బాక్స్ గురించి బెంగ వద్దు, అది జనరల్ మోటార్స్‌ది, గట్టిది. బయట మంచిది దొరికితే తెచ్చుకోవడాన్ని రోల్స్ రాయిస్ వాళ్లెప్పుడూ చిన్నతనం అనుకోలేదు.

ఇంజన్ నడుస్తూ న్యూట్రల్‌లో ఉండగా వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టు. వెనక భాగం దిగి, కొద్ది క్షణాల్లో తిరిగి లేవాలి. లేవకపోతే బండిని ఒకే ఎత్తులో నిలిపే లెవెలింగ్ పనిచేయడం లేదు.

కాగితాల సంగతి చెప్పడానికి కాస్త చరిత్ర మళ్లీ కావాలి. 1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ దివాలా తీసింది. కార్లవల్ల కాదు, ఆర్‌బీ211 అనే విమాన ఇంజన్ ఖర్చు మితిమీరి. బ్రిటన్ ప్రభుత్వం విమాన ఇంజన్ల కంపెనీని తీసుకుంది. కార్ల విభాగాన్ని 1973లో వేరు చేశారు, నీ బండి ఆ మరుసటేడు పుట్టింది. 1998లో ఇంకా విచిత్రం జరిగింది. ఈ కార్లు తయారయ్యే క్రూ ఊరి ఫ్యాక్టరీనీ, బొమ్మ, గ్రిల్ ఆకారాల మీద హక్కునీ ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌండ్లకి కొంది. రోల్స్ రాయిస్ అన్న పేరు మాత్రం విమాన ఇంజన్ల కంపెనీ చేతిలో ఉంది. వాళ్లు దాన్ని 4 కోట్ల పౌండ్లకి బీఎండబ్ల్యూకి ఇచ్చారు. చివరికి రాజీపడి, 2003 జనవరి 1 నుంచి రోల్స్ రాయిస్ కార్లు బీఎండబ్ల్యూవి అయ్యాయి, గుడ్‌వుడ్‌లో కొత్త ఫ్యాక్టరీ వచ్చింది. క్రూ ఫ్యాక్టరీ అక్కడే తయారయ్యే బెంట్లీ కార్లకి మిగిలింది.

కాబట్టి నీ షాడోకి విడిభాగం కావాలంటే గుడ్‌వుడ్‌ని అడిగి లాభం లేదు. క్రూ జెన్యూయిన్ పార్ట్స్ పేరుతో బెంట్లీయే ఇస్తుంది. ఛాసీ నంబరు ఎస్‌ఆర్‌హెచ్‌తో మొదలవాలి, అంటే రోల్స్ రాయిస్ సెలూన్, కుడివైపు స్టీరింగ్. ఆ నంబరుతో, పోలర్స్‌పరీలోని హంట్ హౌస్‌లో ఉన్న రోల్స్ రాయిస్ ఎంథూసియాస్ట్స్ క్లబ్ దగ్గర ఫ్యాక్టరీ కార్డుల నకలు డబ్బు కడితే దొరుకుతుంది. మొదటి రంగు, తోలు రంగు అందులో ఉంటాయి, ఫొటోలోని రంగుతో సరిపోతుందో చూడు. నలభై ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేసే బండి పరీక్ష) తప్పనిసరి కాదు గానీ, చేయించారా అని అడుగు. వద్దన్నా చేయించేవాడి బండి మీద నాకు నమ్మకం ఎక్కువ.

సాయంత్రం ఇంటికి రాగానే ఆ రెండు దీపాల లెక్క, ఏ నొక్కుకి ఏది వెలిగిందో, ద్రవం డబ్బా మీది పేరు, బ్లాకు పక్క రంధ్రాల ఫొటో పంపు. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

మీ నాన్న