ఇకపై వేయించి పంపను, వేయించడానికి సిద్ధంగా పంపుతాను

బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురంలలో మా వంటింటి నుంచి రొయ్య టోస్టులు (రొట్టె ముక్క మీద రొయ్య ముద్ద పరచి వేయించేవి), మిరియాల స్క్విడ్ తెప్పించుకునే అందరికీ నమస్కారం. కార్తీకమని పొయ్యి ఆర్పి నెల కావస్తోంది. ఇప్పుడు నడుస్తున్నది బక పంచకం. ఈ అయిదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని ఇక్కడి ఒడియావారి మాట. పౌర్ణమి మర్నాడు, ఛడాఖాయి నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాను. కానీ వేయించినవి ఇక పంపను. కడగడం, ఒలవడం, రుబ్బడం, పరచడం నా పని. చివరి నాలుగు నిమిషాలు మాత్రం మీ ఇంట్లో, మీ మూకుడులో జరగాలి.

కారణం మీలో చాలామందికి తెలుసు. ఆస్కా రోడ్డు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "అమ్మాయీ, రుచికి వంక లేదు. కానీ కరకరలాడేదేదీ అందులో లేదు" అన్నారు. ఆ రాత్రి నేనే ఒక డబ్బా కట్టి, అరగంట ఆగి తెరిచి చూశాను. మూత లోపల వరసగా నీటి బొట్లు, అడుగున మెత్తబడిన రొట్టె. వేడి ముక్క నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది, దానికి బయటికి దారి లేక పైపొరనే తడిపేస్తుంది. మూతకు చిల్లులు పెట్టాను, చల్లారిపోయాయి. రెండుసార్లు వేయించి చూశాను, ఇరవై నిమిషాలు నిలిచాయి. గోపాల్‌పూర్ బరంపురానికి 16 కిలోమీటర్లు. వేడివేడిగా తినవలసిన వస్తువును చల్లారబెట్టి అమ్మడం నాకు ఇష్టం లేదు.

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. సెప్టెంబరులో ఒక దఫా రొయ్యల్లో వంటసోడా ఎక్కువ పడింది. రొయ్య బిగువుగా ఉండటానికి చిటికెడు వేసి, కాసేపు ఉంచి, నీళ్ళు మార్చి మార్చి కడగాలి. ఆ రోజు కడగడంలో తొందరపడ్డాం. నాలుక మీద సబ్బు రుచి తగిలిందని ముగ్గురు చెప్పారు. ఆ వారం కొన్నవారెవరైనా సరే, ఒక డజను టోస్టులు ఉచితంగా తీసుకోండి.

రెండోది, డబ్బా మీద "గోపాల్‌పూర్ సముద్రపు రొయ్యలు" అని అచ్చు వేయించాను. అది ఏడాది పొడవునా నిజం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని, నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట 20 కిలోమీటర్ల మేర ఆంక్షలు ఉంటాయి. సముద్రపు సరుకు దొరకని రోజుల్లో చెరువుల్లో పెంచిన వనామీ రకం రొయ్య వాడాను. వాడటం తప్పు కాదు, మీకు చెప్పకపోవడం తప్పు. టోస్టుకు తాజా చెరువు రొయ్య ఏమీ తీసిపోదు కూడా. ఇకపై ఆ రోజు రొయ్య ఎక్కడిదో ప్రతి డబ్బా మీదా చేత్తో రాస్తాను.

ఇప్పుడు వేయించే పద్ధతి. రొయ్య టోస్టు దక్షిణ చైనాలోని కాంటన్ వంట. వాళ్ళు దాన్ని "హా దోసీ" అంటారు. హా అంటే రొయ్య, దోసీ అంటే టోస్టు అన్న మాటే వాళ్ళ నోట అలా పలికింది, మన దోసెతో చుట్టరికం లేదు. ముద్దలో రొయ్యలు, గుడ్డు తెల్లసొన, కార్న్‌ఫ్లోర్, ఉప్పు, తెల్ల మిరియాలు, ఉల్లికాడలు ఉంటాయి, పైన నువ్వులు. చల్లటి రొయ్యను కత్తి పలకతో చిదిపి, ఉప్పు వేసి, ముద్దను చేతిలోకి తీసుకుని గిన్నెకేసి కొట్టాలి. ముప్పై నలభై దెబ్బలకు అది వేళ్ళకు అంటుకుని జిగటగా సాగుతుంది, అప్పుడే రొట్టెను వదలకుండా పట్టుకుంటుంది. మిక్సీలో మెత్తగా తిప్పితే ఆ బిగువు రాదు. రొట్టె నిన్నటిదే కావాలి, తాజా రొట్టెలో తేమ ఎక్కువ.

మీరు చేయవలసింది నూనెను గమనించడం. మూకుడులో రెండు అంగుళాల నూనె పోసి, మధ్యస్థంగా కాచి, చిటికెడు రొట్టె పొడి వేయండి. వెంటనే చుట్టూ బుడగలతో పైకి తేలాలి. అడుగున కూర్చుంటే ఇంకా కాగలేదు, వేసీ వేయగానే నల్లబడితే మంట తగ్గించండి. రొయ్య వైపు కిందకు పెట్టి జారవిడవండి. అంచులు గులాబీ రంగుకు తిరిగి, బుడగల చప్పుడు నెమ్మదించాక తిప్పి, రొట్టె వైపు అర నిమిషం ఉంచితే చాలు. ఒక్కసారికి నాలుగే. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి రొట్టె నూనె పీల్చుకుంటుంది. తీసి కాగితం మీద కాక, తీగల జాలీ మీద నిలబెట్టండి. జాలీ లేకపోతే చిల్లుల గరిటెలోనే ఒక నిమిషం నూనె కారనివ్వండి.

స్క్విడ్‌కు లోపలి వైపు అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి ఇస్తున్నాను, వేడి తగలగానే పువ్వులా ముడుచుకుంటుంది. కార్న్‌ఫ్లోర్ విడిగా పొట్లం కట్టాను. వేయించే ముందే, ముక్కను గుడ్డతో ఒత్తి తడి తీసి అద్దండి. నూనె బాగా వేడిగా ఉండాలి, నిమిషం నుంచి నిమిషంన్నర చాలు, దాటితే రబ్బరు. మిరియాలు–ఉప్పు దోరగా వేయించి దంచినది ఇంకో చిన్న పొట్లంలో ఉంటుంది, దించాకే చల్లండి.

పీత వాంటన్లు (పలచటి పిండి పొరలో పీత కండ చుట్టినవి) ఆపేస్తున్నాను. చిలికా పీతల నుంచి కండ తీయడానికి పట్టే సమయానికి న్యాయమైన ధర పెడితే మీరు కొనలేరు.

డజను టోస్టులు వేయించినవి 240 రూపాయలు ఉండేవి, పచ్చివి 200. రొయ్యల తల, పెంకు తీస్తే కిలోకు సుమారు సగమే మిగులుతుంది కాబట్టి ఇంతకన్నా తగ్గించలేను. తెచ్చిన రోజే వాడకపోతే ఫ్రీజరులో పెట్టండి. మంచు కరిగించకుండా, మంట కాస్త తగ్గించి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ వేయించండి. టోస్టుల్లో రొయ్య, గుడ్డు, నువ్వులు ఉన్నాయి, పడనివారు ఇంట్లో ఉంటే గమనించండి.

ఒడియా ఇళ్ళవారికి ఛడాఖాయి ఉదయం పదకొండుకల్లా డబ్బాలు సిద్ధం. మన తెలుగు ఇళ్ళలో కార్తీకం అమావాస్య దాకా ఉంటుంది కాబట్టి, మీ ఆర్డర్లు పోలి పాడ్యమి తర్వాతి రోజుకు వేరే పుస్తకంలో రాసుకుంటున్నాను. ఏ రోజుకు కావాలో ఫోనులో ముందే చెప్పండి.