శిఖరం లేకపోతే ఏం, బండ ఉందిగా!

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఆల్ప్స్ దాకా వెళ్ళి, కొండ ఎక్కకుండా కింద లోయలో బండరాళ్ళు పట్టుకుని వేలాడ్డమేంట్రా అని అడిగావు. నీకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కాదు. తీరిగ్గా కూర్చుని చదువు.

నువ్వడిగిన ప్రశ్న అక్కడివాళ్ళు కూడా చాలాకాలం అడిగారు. ఆల్ప్స్‌లో ఎక్కడం అంటే శిఖరమే. కింద రాళ్ళ మీద చేసేది పెద్ద కొండకి వెళ్ళేముందు కసరత్తు, అంతే. 1970ల మొదట్లో ఇటలీలోని టొరీనో కుర్రాళ్ళు కొందరికి ఈ లెక్క నచ్చలేదు. వాళ్ళలో ముఖ్యుడు జాన్ పియెరో మోత్తి. వీరత్వం, త్యాగం లాంటి బరువైన మాటలు పక్కనపెట్టి, లోయలో ఉన్న గోడల్ని వాటి కోసమే, ఆనందం కోసమే ఎక్కాలన్నది ఆయన పట్టు. 1974లో ఆయన రాసిన వ్యాసం నుంచే ఆ ఉద్యమానికి ‘నువోవో మత్తీనో’, అంటే కొత్త ఉదయం, అనే పేరొచ్చింది. వాళ్ళ అడ్డా గ్రాన్ పరదీజో కొండల దగ్గరున్న ఓర్కో లోయ.

ఆ లోయలో ఓ బండకి నిలువునా ఒక చీలిక ఉంది. దాని కథ ఫిజిక్స్ చదివిన నీకు తప్పకుండా నచ్చుతుంది. 1970 ప్రాంతంలో టొరీనోలో పరిశోధన చేస్తున్న మైకేల్ కోస్టర్లిట్జ్ అనే బ్రిటిష్ కుర్రాడు దాన్ని ఎక్కాడు. ఇలాంటి చీలికలో వేళ్ళకి పట్టు దొరకదు. చెయ్యి లోపలికి దూర్చి బొటనవేలు అరచేతిలోకి మడిస్తే చెయ్యి ఉబ్బి రాయికి బిగుసుకుంటుంది. ఆ బిగింపు మీద ఒంటి బరువంతా వేసి పైకి లేవాలి. చేతివెనక చర్మం లేచిపోతుంది, అది వేరే సంగతి. అదే కోస్టర్లిట్జ్‌కి 2016లో థౌలెస్, హాల్డేన్‌లతో కలిపి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ చీలికని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కాసేపట్లో అయిపోయే రాయి, పైన శిఖరం లేదు, అయినా దూరదూరాల నుంచి పనిగట్టుకుని దాని దగ్గరికి వస్తారు. నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం మెల్లో లోయలో ఉంది. ఇటలీలోని లొంబార్దీలో వాల్ మాసీనో అనే లోయ నుంచి పక్కకి చీలే చిన్న లోయ అది. అడుగున పచ్చిక, మధ్యలో అద్దంలాంటి ఏరు, రెండు వైపులా బూడిదరంగు గ్రానైట్. హిమానీనదాలు చెక్కిన గోడలు, పైనుంచి విరిగిపడిన గుండ్లు. అక్కడ 1978లో మొదటిసారి ఎక్కిన ‘లూనా నాషెంతే’ దారి ఈనాటికీ ఎక్కేవాళ్ళ కలల్లో ఉంటుంది. 2004లో మొదలైన మెల్లోబ్లోక్కో అనే బౌల్డరింగ్ పండగకి, అంటే తాళ్ళు లేకుండా గుండ్లు ఎక్కే ఆటకి, పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే క్రాష్ ప్యాడ్లు వీపున మోసుకుని జనం గుంపులుగా వచ్చారు.

మెల్లో గ్రానైట్ నేర్పే విద్య వేరురా. ఏటవాలు పలకల మీద చేత్తో పట్టుకోడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు. పాదాన్ని రాయికి ఆనించి, మడమ కాస్త కిందికి దించి, బరువు సరిగ్గా పాదం మీదికి తేవాలి. అప్పుడే షూ కింది రబ్బరు రాతి గరుకులోకి నొక్కుకుని నిలబడుతుంది. భయమేస్తే మనిషి రాయిని కరుచుకుంటాడు కదా, అదే కొంప ముంచుతుంది. ఒళ్ళు రాయికి దగ్గరైతే బరువు పాదం మీద నిటారుగా పడదు, పట్టు సడలుతుంది. ఎంత టెన్షన్‌గా ఉంటే అంత వెనక్కి, నిటారుగా నిలబడాలి. బుర్రకి తెలిసిన ఈ ముక్క కాళ్ళకి తెలియడానికి చాలా కాలం పడుతుంది. ఆ పట్టు చిక్కిన క్షణం ఎంత బాగుంటుందో ఉత్తరంలో రాయలేను.

స్విట్జర్లాండ్‌లోని టిచీనో వైపు వెళ్తే రాయి మారిపోతుంది. అక్కడ నైస్ (gneiss) అనే రాయి, పొరలు పొరలుగా ఉంటుంది, వేలికొసలకి సన్నటి అంచులు దొరుకుతాయి. అక్కడి క్రెషానోలో స్విస్ క్లైంబర్ ఫ్రెడ్ నికోల్ 2000లో ఎక్కిన ‘డ్రీమ్‌టైమ్’ అలాంటి గుండు మీదిదే. కొన్ని కదలికలే ఉన్న ఆ రాయికి ఆయన 8సీ అనే, కష్టాన్ని కొలిచే చాలా పెద్ద గ్రేడ్ ఇచ్చినప్పుడు లోకమంతా అటు తిరిగి చూసింది. టిచీనోకి సీజన్ చలికాలం. ఎండాకాలం వేళ్ళకి చెమట పట్టి సన్నటి అంచుల మీద జారిపోతాయి. చలిలో చర్మం పొడిగా ఉంటుంది, రబ్బరూ బాగా పడుతుంది. ఉత్తరాన వాన కురిపించేసి, ఆల్ప్స్ దాటి కిందికి దిగుతూ వేడెక్కి పొడిబారే ఫ్యోన్ గాలి వీచిందంటే తడి రాళ్ళు త్వరగా ఆరిపోతాయి. ఎండాకాలం మాత్రం పైనున్న చల్లటి అడవులకి, ఆవెర్స్ లోయలోని మ్యాజిక్ వుడ్ లాంటి చోట్లకి మారతారు.

పడితే ఏంటి అని అడుగుతావని తెలుసు. బౌల్డరింగ్‌లో ఎక్కలేకపోయిన ప్రతిసారీ పడడమే, కిందికే. అందుకే ముందు కింద నేల చూసుకోవాలి, రాళ్ళ మధ్య సందులు ప్యాడ్లతో మూసెయ్యాలి, దిగే దారి ఎక్కకముందే కనిపెట్టాలి. కింద నిలబడ్డ మనిషి నిన్ను పట్టుకోడు. నువ్వు ప్యాడ్ మీద కాళ్ళ మీదే దిగేలా దారి మళ్ళిస్తాడు, తల, వెన్ను రాయికి తగలకుండా చూస్తాడు. అది ఎక్కడం కంటే గొప్ప పని అని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట, ఇది నన్ను నిజంగా బాధపెట్టేది. ఆ గుండ్లు పాతకాలంలోనే పడి ఆగిపోయాయనుకోకు. 2017 ఆగస్టు 23న వాల్ మాసీనోకీ స్విస్ వైపు బ్రెగాల్యా లోయకీ మధ్యనున్న పిజ్ చెంగాలో నుంచి దాదాపు 30 లక్షల ఘనమీటర్ల రాయి విరిగిపడింది. నడిచి వెళ్తున్న ఎనిమిది మంది చనిపోయారు, కిందున్న బోందో ఊరిని బురద ముంచింది. ఆ ఎత్తుల్లో బీటల్లోని మంచు ఏళ్ళ తరబడి కరగకుండా రాళ్ళని బిగించి ఉంచుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పట్టు వదులవుతోంది. మనం ఆడుకునే రాళ్ళు ఇలాగే వచ్చాయని తెలిశాక వాటిని ముట్టుకునే తీరు మారుతుంది. కనీసం చేతి చెమటకి మనం పూసుకుని రాయికి అంటించిన చాక్ పొడినైనా బ్రష్‌తో తుడిచి రావాలి, గడ్డికోసే పచ్చిక మీంచి నడవకుండా బాట మీదే నడవాలి. ఆ పచ్చిక అక్కడివాళ్ళ పశువుల మేత.

సరే, నువ్వు రా. నీకు మొదట మెల్లోనే మంచిది. చేతుల్లో బలం అక్కర్లేని రాయి అది. షూ వేళ్ళకి బిగుతుగా ఉండాలి, కానీ నిలబడితే నొప్పి పుట్టకూడదు, కొనేటప్పుడు గుర్తుంచుకో. గోళ్ళు కత్తిరించుకో. ప్యాడ్లు నేను చూసుకుంటా. వసంతంలోనా, సెప్టెంబర్‌లోనా, నీకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో వెంటనే రాయి.

నీ
నేస్తం