దమ్మున్న గుర్రం మొండిది కాదు

సంపాదక మహాశయులకు,

గత ఆదివారం మీ క్రీడల పేజీలో దూరపు పందేల గుర్రాల గురించి రాస్తూ ‘స్టేయర్’ అనే మాటను ‘మొండి గుర్రం’ అని తెనిగించారు. ఆ తెనుగు సరికాదని విన్నవించడానికే ఈ ఉత్తరం.

వెయ్యి, పన్నెండు వందల మీటర్లలో మెరిసి ముగించే గుర్రం స్ప్రింటర్. 2800 మీటర్ల ఇండియన్ సెయింట్ లెజర్, 3200 మీటర్ల మెల్‌బోర్న్ కప్ వంటి పందేలలో చివరి మలుపు దాటాక కూడా ఊపు తగ్గకుండా పరుగెత్తేది స్టేయర్. పట్టు విడవకుండా పని సాగించే మనిషినీ ఇంగ్లీషులో అదే మాటతో మెచ్చుకుంటారు. మన ‘మొండి’లో ఈ సాగే గుణం లేదు. మొండి గోడ, మొండి కత్తి, మొండి చెయ్యి అన్నప్పుడు ఏదో తెగిపోయిందనో, అక్కడితో ఆగిపోయిందనో అర్థం. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్న సామెత ఉన్నమాట నిజమే కాని, అది ఎవరి మాటా విననివాడి బలం.

మా నాన్న వరంగల్ స్టేషన్ నుంచి హన్మకొండకు టాంగా తోలేవారు. నడిదారిలో నిలబడిపోయి, ఎంత అదిలించినా కదలని గుర్రాన్నే ఆయన ‘మొండికేసింది’ అనేవారు. పొద్దంతా తిరిగి, రాత్రి ఆఖరి రైలు సవారీని కూడా పొద్దుటి నడకతోనే చేర్చిన గుర్రం మెడ నిమురుతూ, ‘ఇది దమ్మున్న గుర్రం బిడ్డా’ అనేవారు.

పారసీలో ఊపిరి అని అర్థమున్న ఈ దమ్ము ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చింది. బరువు దించి ‘దమ్ము తీసుకో’మంటే ఊపిరి పీల్చుకొమ్మని, ‘జర దమ్ము పట్టు’ అంటే కాస్త ఓపిక పట్టమని. ఊపిరీ ఓపికా ఒక్క మాటలో ఉన్నాయి. స్టేయర్‌కు కావలసినవీ ఆ రెండే. పత్రికల్లో మాత్రం నాయకులు విసురుకునే ‘దమ్ముంటే రా’ అనే సవాలులోనే ఆ మాట కనిపిస్తుండటం వల్ల దాని అసలు బరువు మరుగున పడుతోంది.

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తిని మొండి పిల్ల అని రాయడానికి మీకు మనసొప్పుతుందా? మేమైతే దమ్మున్న బిడ్డ అంటాం. గుర్రానికైనా, మనిషికైనా ఇకమీదట ఆ మాటే వాడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హన్మకొండ