రికర్షన్ అర్థమయ్యేదాకా నాతో కూర్చున్న అక్కకి, ఇంకా కొందరికి

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లో నా చదువు గాడిలో పడిందంటే దానికి కొందరు కారణం. వాళ్లకి విడివిడిగా థాంక్స్ చెప్పాను. అయినా నలుగురి ముందూ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా మా సీనియర్ అక్కకి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. డేటా స్ట్రక్చర్స్ (డేటాని కంప్యూటర్‌లో అమర్చే పద్ధతులు) సబ్జెక్ట్ మొదలైన దగ్గర్నుంచి రికర్షన్ అంటే నాకు టెన్షన్. ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే చిన్న భాగం, తనని తానే పిలుచుకుంటుందన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. కోడ్ చూస్తే మాత్రం ఏ కాల్ (పిలుపు) ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో అంతుపట్టేది కాదు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే క్షణాల్లో ప్రోగ్రామ్ ఇచ్చేది, అది సరిగ్గానే రన్ అయ్యేది. దాన్ని పక్కన పెట్టి సొంతంగా రాయాలంటే మొదటి లైన్ దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇదే అక్కకి చెప్పాను.

అక్క కోడ్ రాసివ్వలేదు. ముందున్న రెండు సంఖ్యలు కూడితే తర్వాతది వచ్చే ఫిబొనాచి వరుసలో కావాల్సిన సంఖ్యని కనుక్కునే ఫంక్షన్ తీసుకుని, ఫిబ్ ఆఫ్ 5 కోసం, అంటే ఆ వరుసలో ఐదో సంఖ్య కోసం, ఏయే కాల్స్ వెళ్తాయో కాగితం మీద ఒక్కొక్కటే గీయమన్నారు. గీస్తూ పోతే ఫిబ్ ఆఫ్ 3 రెండు చోట్ల వచ్చింది, ఫిబ్ ఆఫ్ 2 మూడు చోట్ల వచ్చింది. "చేసిన లెక్కే మళ్లీ మళ్లీ చేస్తోంది కదక్కా" అన్నాను. "మరి ఫిబ్ ఆఫ్ 40కి ఎన్ని కాల్స్ అవుతాయో నువ్వే చూడు" అన్నారు. ఒక కౌంటర్ పెట్టి రన్ చేశాను. 33,11,60,281 కాల్స్! వచ్చిన జవాబుని దాచుకుని, మళ్లీ అవసరమైనప్పుడు అక్కడి నుంచే తీసుకునేలా మారిస్తే అదే పని 79 కాల్స్‌లో అయిపోయింది. దీన్ని మెమొయిజేషన్ అంటారని అప్పుడు చెప్పారు. మొదట్లోనే ఆ పేరు చెప్పుంటే డెఫినిషన్ బట్టీ పట్టి ఊరుకునేదాన్నేమో. దాని అవసరమేంటో నా చేత్తో నేనే తేల్చుకున్నాక పేరు తెలిసింది కాబట్టి ఇక మర్చిపోను.

ఆ రాత్రి ఎవరూ చెప్పకుండానే టవర్స్ ఆఫ్ హనోయ్ అనే రికర్షన్ పజిల్ తీసి కూర్చున్నాను. మోటివేషన్ వస్తే చదువుతామని అందరూ అంటుంటారు. నా విషయంలో మాత్రం కాస్త అర్థమయ్యాకే ఆసక్తి పుట్టింది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు దీని గురించే చెప్పారని తర్వాత చదివాను: మనిషి తనంతట తాను ఒక పనిలో నిలబడాలంటే అది తన ఇష్టంతో చేస్తున్నట్టు ఉండాలి, చేతనవుననిపించాలి, తనవాళ్లు ఉన్నారనిపించాలి. అక్క ఈ మాటలేవీ చెప్పలేదు కానీ ఆ మూడూ నాకు ఇచ్చారు. తన ఎగ్జామ్స్ దగ్గర పడుతున్నా ఏ రోజూ తొందరపెట్టలేదు.

చాట్‌బాట్ వాడొద్దని కూడా అక్క అనలేదు. "జవాబు అడక్కు, నిన్ను ప్రశ్నలు అడగమని చెప్పు" అన్నారు. ఇప్పుడు అలాగే వాడుతున్నాను, నాకు అది చాలా మంచి సలహా. రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి అయింది. మా స్టడీ గ్రూప్‌లో నోట్స్ మూసేసి ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోవడం మొదలుపెట్టింది అందుకే. జవాబు తడుముకుంటుంటే నవ్వకుండా ఆగి వినే మీ నలుగురికీ చాలా థాంక్స్. మీ ముందు "నాకు రాలేదు" అనడానికి నాకు భయం లేదు, అది చిన్న విషయం కాదు.

నా లాప్‌టాప్ రిపేర్‌కి వెళ్లినప్పుడు తనది ఇచ్చి, తన అసైన్‌మెంట్ ల్యాబ్‌లో చేసుకున్న నా రూమ్మేట్‌కి, సాయంత్రాలు ల్యాబ్ తెరిచి ఉంచిన అసిస్టెంట్ గారికి కూడా కృతజ్ఞతలు.

నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్లలో నాకు తెలియనివాళ్లూ కొందరున్నారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని గీడో వాన్ రాసమ్ 1991లో అందరికీ విడుదల చేశారు. అప్పట్నుంచి ఎందరో దాన్ని బాగుచేస్తూ, ఉచితంగా అందిస్తూ వస్తున్నారు. దాని డాక్యుమెంటేషన్‌లో ఒక్కో ఉదాహరణా ఎవరో ఓపిగ్గా కూర్చుని రాసిందే. ఎర్రర్ మెసేజ్‌లో తప్పు ఏ లైన్‌లో ఉందో చూపించేలా చేసిన మనిషికి నేను ఎన్నోసార్లు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అక్కా, వచ్చే సెమిస్టర్‌లో డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న లెక్కల జవాబులు దాచుకుని పెద్ద లెక్క తేల్చే పద్ధతి) ఉంది. మీరు ఉద్యోగంలో చేరిపోతారు కాబట్టి అది మా గ్రూప్‌తోనే మొదలుపెడుతున్నాను. ఇద్దరు జూనియర్లు కూడా వస్తామన్నారు, వాళ్లకి రికర్షన్ నేను చెప్తానన్నాను. మీరు నాకు ఇచ్చిన సమయానికి, ఓపికకి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.