ఫొటో కాలమ్ తీసేయండి మంత్రి గారూ

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేనొక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. పాఠాలతో పాటు కల్చరల్ కమిటీ బాధ్యత కూడా పదేళ్లుగా నా నెత్తి మీదే ఉంది. వార్షికోత్సవం, నాటకాల రిహార్సల్స్, క్యాంపస్ రేడియో, మీ శాఖ నుంచి వచ్చే రకరకాల సర్క్యులర్లు, అన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే చేరతాయి. ఈ ఉత్తరం ఆ సర్క్యులర్లలో ఒకదాని గురించి.

ఏటా జూన్ 5కి ముందు అది వస్తుంది. పర్యావరణ దినోత్సవం జరపాలి, కనీసం నాలుగు ఫొటోలు తీయాలి, సాయంత్రం ఐదు లోపు అప్‌లోడ్ చేయాలి, ఒక ఫొటోలో బ్యానర్ కనిపించాలి. ఆ చివరి ముక్కతోనే మా హడావిడి మొదలవుతుంది. బ్యానర్ అంటే ఫ్లెక్సీ. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ వలకి రెండు వైపులా పీవీసీ అనే ప్లాస్టిక్ పూత. వలనీ పూతనీ మళ్లీ విడదీయడం కష్టం కాబట్టి పాత ఫ్లెక్సీ ఇంకో వస్తువుగా మారడం అరుదు. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. తగలబెడితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు లాంటి విషపదార్థాలు మనం పీల్చే గాలిలో కలుస్తాయి. 2018లో, 2023లో, 2025లో ఐక్యరాజ్య సమితి ఆ రోజుకి ఎంచుకున్న అంశం ప్లాస్టిక్ కాలుష్యం. మూడుసార్లూ మా గేటుకి వేలాడింది ఫ్లెక్సీయే.

ఇక మొక్క. మా గ్రౌండ్‌లో ఒక మూల గుంత ఉంది. ఏటా అందులోనే నాటుతాం. నిరుడు నాటింది ఎలాగూ ఎండిపోతుంది కాబట్టి మళ్లీ తవ్వే శ్రమ కూడా లేదు. ఒక్క మొక్క, పన్నెండు చేతులు, ఒక ఫొటో. మీ శాఖని ఎగతాళి చేయడానికి చెప్పట్లేదు. మీరు ఫొటో అడిగారు, మేం ఫొటోయే ఇచ్చాం.

నేను అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాతి సంగతి. మా పిల్లలు వేసే పర్యావరణ నాటికలు ఎన్నో చూశాను. తెల్ల దుప్పటి కప్పుకుని ధ్రువపు ఎలుగుబంటి అవుతాడొకడు. ఓజోన్ పొర ఏడుస్తుంది. థర్మాకోల్‌తో చేసిన భూగోళం స్టేజీ మీద దొర్లుతుంది. (ఆ థర్మాకోల్ కోసిన పిల్లల జుట్టులో, మోచేతుల మీద తెల్ల పూసలు రెండు రోజుల దాకా వదలవు. చీపురు పెడితే ఎగిరిపోతాయి.) వీటన్నిటికీ యాజమాన్యం చప్పట్లు కొడుతుంది. ఎలుగుబంటి మా కాలేజీలో చదవదు కదా.

రెండేళ్ల క్రితం సెకండియర్ పిల్లలు వేరే నాటిక రాసుకొచ్చారు. హాస్టల్ వెనక రోజూ సాయంత్రం ఎండుటాకులు తగలబెడతారు. ఆకుల్లో ప్లాస్టిక్ కవర్లు, వాడేసిన పెన్నులు, చార్టు ముక్కలు కూడా ఉంటాయి. ఆ పొగ గర్ల్స్ హాస్టల్ కిటికీల్లోకే వెళ్తుంది. నాటికలో ఉన్నదంతా అదే. సెట్ లేదు, లైట్లు లేవు. మా ఆడిటోరియంలో పాత లైటు ఒక్కోటి 1000 వాట్లు, వాటిని వద్దన్నది కూడా పిల్లలే. చెట్టు కింద, మధ్యాహ్నం బ్రేక్‌లో వేశారు.

ఆగస్టో బోల్ అనే బ్రెజిల్ నాటక దర్శకుడు చూపించిన పద్ధతిలో వేశారు. నాటకం ఒకసారి మొత్తం వేస్తారు. రెండోసారి వేసేటప్పుడు చూసేవాళ్లు ఎవరైనా 'ఆపు' అని లేచి, నాటకంలోని ఒక పాత్ర స్థానంలో తామే నిలబడి, తామైతే ఏం చేస్తారో చేసి చూపించాలి. ముగ్గురు కుర్రాళ్లు లేచి స్వీపర్ పాత్రకి తలా ఒక ఉపన్యాసం ఇచ్చారు. కాల్చడం తప్పు అని. వెనక చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ అంతా విని, మెల్లగా ముందుకొచ్చింది. "కాల్చొద్దంటారు, సరే బాబూ. రోజూ ఆరు గంపలు ఊడుస్తా. ఎక్కడ పొయ్యమంటారో అది కూడా చెప్పండి" అంది.

ఎవరూ మాట్లాడలేదు. నాకూ జవాబు తెలియదు. కవర్లు ఆకుల్లో కలవకుండా ఉండాలంటే తరగతి గదుల్లో రెండు రకాల డబ్బాలుండాలి, మాకు ఒక్కటే ఉంది. ఆకులు కుళ్లి ఎరువు కావాలంటే గొయ్యి కావాలి, తడి కావాలి, కొన్ని నెలల ఓపిక కావాలి. ఆ శనివారమే పిల్లలు పారలు తెచ్చి గ్రౌండ్ వెనక గొయ్యి తవ్వారు. పదేళ్లలో మా క్యాంపస్‌లో పర్యావరణం కోసం జరిగిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. దాని ఫొటో ఎవరూ అడగలేదు.

అడగకపోగా నాటిక వీడియో బయట పెట్టొద్దని నోటిమాటగా చెప్పారు. కాలేజీ పేరు పోతుందట. తర్వాతి నెల రేడియోలో ఒకమ్మాయి హాస్టల్‌లో కారుతున్న కుళాయి చప్పుడు రికార్డు చేసి, వ్యాఖ్యానం ఏమీ లేకుండా నాలుగు నిమిషాలు వినిపించింది. టప్... టప్... అంతే. కారిడార్‌లో మాట్లాడుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయి స్పీకర్ వైపు చూడటం నేను చూశాను. వాషర్ రెండు రోజుల్లో మారింది. దాంతో పాటు ప్రతి కార్యక్రమాన్నీ ముందుగా వినిపించి అనుమతి తీసుకోవాలన్న కొత్త రూలు కూడా వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు రేడియోకి రావట్లేదు. ఆమెని నేను తప్పు పట్టలేను, ఇంటర్నల్ మార్కుల టెన్షన్ ఎవరికి ఉండదు? ఆ రూలు కాగితం మీద నేనూ సంతకం పెట్టానని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

మంత్రి గారూ, బోల్ 1993 నుంచి 1996 దాకా రియో డి జనీరో నగర కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్నాడు. వీధుల్లో ఇలాంటి నాటకాలు వేయించి, జనం లేచి చెప్పిన మాటలను రాయించి, వాటినే ప్రతిపాదనలుగా కౌన్సిల్‌లో పెట్టాడు. అలా 13 చట్టాలు వచ్చాయి. నేను చట్టాలు అడగట్లేదు. నాటికలో, రేడియోలో, గోడపత్రికలో తమ క్యాంపస్ చెత్త గురించి, నీళ్ల గురించి, పొగ గురించి చెప్పినందుకు విద్యార్థిని ఇబ్బంది పెట్టకూడదని ఒక్క పేరా సర్క్యులర్‌లో చేర్చండి. నోటిమాటగా వచ్చే ఆంక్షలకి జవాబు చెప్పడానికి మాలాంటివాళ్లకి చేతిలో ఒక కాగితం కావాలి.

రెండోది, రిపోర్టు ఫారంలో ఫొటో కాలమ్ తీసేసి, అక్కడ తూకం అడగండి. ఈ నెల ఎన్ని కిలోల చెత్త బయటికి పంపారు, అందులో వేరు చేసింది ఎంత, నిరుడు నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి. మొదటి ఏడాది అంకెలు మేం అబద్ధం రాస్తాం, మా సంగతి నాకు తెలుసు. కానీ ఆ ఫారం నోటీసు బోర్డు మీద అంటించాలని కూడా రాస్తే, అబద్ధమైతే పిల్లలే నాటిక వేస్తారు.

ఆ గొయ్యి ఇప్పటికి రెండుసార్లు నిండింది. రెండో గొయ్యికి స్థలం చూపించమని ఆయమ్మ అడుగుతోంది. ఈ ఏడాది సర్క్యులర్ ఇంకా మాకు చేరలేదు.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ కల్చరల్ కమిటీ బాధ్యుడు