మత్తు డాక్టరమ్మ గారికి, ఆ వార్డు నర్సమ్మలకి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

మా అమ్మకి రెండో మోకాలు మార్పించి ఇవాళ్టికి 13 రోజులు. నిన్ననే కుట్లు విప్పారు, ఇప్పటికి రాయడానికి కూర్చున్నాను.

మూడేళ్ల కిందట వేరేచోట మొదటి మోకాలు చేయించినప్పుడు అమ్మ మంచం కడ్డీ పట్టుకుని తెల్లవార్లూ ఏడ్చింది, నొప్పికి ఇంజెక్షన్ చేస్తే వాంతులు, చేయకపోతే నరకం. అందుకే రెండో కాలి మాట ఎత్తితే చాలు, "కుంటుకుంటూనే పోతా గానీ ఆ రాత్రి మళ్లీ నావల్ల కాదు" అనేది. మా ఆఫీసులో ఒక అక్క "ముందే మత్తు డాక్టరుని కలిసి నెర్వ్ బ్లాక్ గురించి, అదే నొప్పి తెలియకుండా నరం పక్కన ఇచ్చే మత్తు ఇంజెక్షన్ గురించి అడుగు" అని చెప్పకపోతే ఈ ఆపరేషన్ జరిగేదే కాదు. అక్కా, నీ మేలు మర్చిపోను.

ఆపరేషన్ ముందు రోజు డాక్టరమ్మ గారు వచ్చి అంతా విడమర్చి చెప్పారు. వెన్నులో ఇచ్చే మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఆ తర్వాతి నొప్పి కోసం తొడ లోపలి వైపు, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ నరం పక్కన మందు వేస్తారట. గజ్జ దగ్గర ఇస్తే తొడ కండ పట్టు తప్పి, లేచి నిలబడితే పడిపోయే ప్రమాదం ఎక్కువ, అదే తొడ మధ్యలో అయితే కాలికి బలం చాలావరకు నిలుస్తుంది. దీన్ని అడక్టర్ కెనాల్ బ్లాక్ అంటారు. మోకాలి వెనక నొప్పికి ఇది చాలదని అక్కడ విడిగా ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. తొడలో ఆ నరం పక్కన సన్నటి గొట్టం ఉంచి రెండు రోజులు మందు ఎక్కించారు.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. నిజంగా నిద్రపోయింది, నేనే రెండుసార్లు లేచి ఊపిరి చూశాను. పొద్దున ఫిజియో అబ్బాయి వాకర్ ఇస్తే బాత్రూం తలుపు దాకా నడిచి, తలుపు గడియ పట్టుకుని వెనక్కి తిరిగి నా వైపు చూసింది, ఆ చూపు నాకు ఇంకా కళ్లముందే ఉంది.

గొట్టం తీశాక నొప్పి రాలేదని చెప్పను, వచ్చింది. కానీ నైట్ డ్యూటీ నర్సమ్మ "నొప్పి మొదలయ్యాక కాదండీ, మందు దిగేలోపే మాత్ర పడాలి" అని రాత్రి రెండింటికి కూడా అమ్మని లేపి మరీ వేసింది. దాంతో ఓర్చుకోగలిగింది. ఇప్పుడు మోకాలు 90 డిగ్రీలు వంగుతోంది.

అమ్మ ఇది చదివించుకుని ఒక్కటి కలపమంది: "ఆ డాక్టరమ్మ నిలబడి చెప్పలేదురా, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని చెప్పింది. అది రాయి."