గాడ్‌ఫ్రే గారి సర్వీసు దొరికింది, మా తాతయ్యది దొరకదా?

మంత్రిగారికి నమస్కారాలు.

మా తాతయ్యని స్వాతంత్ర్య సమరయోధుడిగా గుర్తించమని పెడుతున్న అర్జీల్లో ఇది ఐదోది. మొదటి నాలుగూ ముట్టినట్టు రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో, బ్రిటిష్ వాళ్ల కాలపు నేవీకి చెందిన తల్వార్ సిగ్నల్ స్కూల్లో, ఆ పురుగుల తిండి మాకొద్దని తిరగబడ్డ నావికుల్లో మా తాతయ్య ఒకడు. ములుంద్ క్యాంపులో ఖైదు పెట్టి, తర్వాత ఉద్యోగం పీకి ఇంటికి పంపారు. ఆ డిశ్చార్జి కాగితం తెమ్మన్నారు మీవాళ్లు. 1977 ఉప్పెనలో దివిసీమలో ఇల్లే కొట్టుకుపోయింది సార్, ట్రంకుపెట్టె మిగులుతుందా? పోనీ తోటి ఖైదీల చేత సర్టిఫికెట్ రాయించుకు రమ్మన్నారు. వాళ్లలో ఎవరైనా బతికుంటే నూరేళ్లకి దగ్గర పడి ఉంటారు. ఏ ఊరని వెతకను? ఆ మాట అడిగితే "రూల్ అదేనండీ" అని ఫైలు మూసేశారు.

వెతగ్గా వెతగ్గా ఒకరి సర్వీసు రికార్డు మాత్రం పూర్తిగా దొరికింది. అప్పటి నేవీ పెద్ద, వైస్ అడ్మిరల్ జాన్ హెన్రీ గాడ్‌ఫ్రే గారిది. పుట్టింది 1888. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ దగ్గరి డార్డనెల్స్ జలసంధిలో పనిచేశారు. ఆపైన రిపల్స్ యుద్ధనౌకకి కెప్టెన్. 1939లో బ్రిటన్ నౌకాదళ గూఢచారి శాఖకి డైరెక్టర్. 1942లో ఆ కుర్చీ పోయింది, 1943లో మన నేవీ మీదికి పంపారు. దాదాపు 20 వేలమంది నావికులు తిరగబడితే, నేవీ మొత్తం నాశనమైనా సరే అణిచేస్తామని ఆయన రేడియోలో బెదిరించిన తేదీ కూడా ఉంది, ఫిబ్రవరి 21. బెదిరించినాయన లెక్క పదిలం. ఆ బెదిరింపు విన్నవాడు అసలు అక్కడ ఉన్నాడా అని మీకు అనుమానం!

ఇంకోటి కూడా తెలిసింది. రెండో యుద్ధంలో అంత పనిచేసినా ఆయనకి వాళ్ల ప్రభుత్వం ఏ గౌరవమూ ఇవ్వలేదట. నాయనమ్మకి చెబితే, "ఆయనకీ ఇవ్వలేదా, పాపం" అంది. ఆవిడకి 92.

అయ్యా, తీసేసినవాళ్ల పేర్లు తీసేసిన నేవీ దగ్గర ఉండవా? మీరు అడిగితే ఇవ్వరా? మమ్మల్ని తిప్పడం మాని ఒక్కసారి మీరే అడగండి. దయచేసి అడగండి. అదీ కుదరదంటే, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో అదైనా చెప్పించండి. మంచం మీదున్న మనిషికి చెప్పుకోవాలి కదా.

ఇట్లు,
ఒక నావికుడి మనవడు, దివిసీమ